కెమేరాలోని అద్దము – దాని రాకపోకలు

నేఁడు నేను ప్రసంగింపఁబూనిన విషయము కెమేరా. పెండ్లిపందిళ్లలోను సభలలోను ఛాయాచిత్రములు తీయు యువకులు మీట నొక్కినప్పుడెల్ల 'టక్కు'మను చప్పుడు మన చెవులఁ బడుచుండెడిది. ఇటీవల ఆ చప్పుడు సన్నగిల్లినది. కొన్ని యంత్రములలో బొత్తిగా లేకయే పోయినది. ఆ చప్పుడులో హెచ్చుభాగము యంత్రము కడుపులో నుండు ఒక చిన్న అద్దమునకు సంబంధించినది. ఆ యద్దమును తీసివేసిన కెమేరాను 'మిర్రర్‌లెస్' అనియు, అందులో వెలుతురును గ్రహించు పలక యొక కొలతకు సరిపోయినచో 'ఫుల్ ఫ్రేము' అనియు వర్తకులు పిలుచుచున్నారు. అద్దము లేనిది, పూర్ణమైన పలక గలది యని యర్థము. ఈ రెండు మాటలును ఒక యంత్రము పేరిట చేరెనా, దాని వెల యెంతయో పెరుగును. కుమారుఁడు స్టూడియో పెట్టుకొందునని సొమ్మడిగినపుడు, ఆ మాటల యర్థమేమి, అవి యెక్కడనుండి వచ్చినవి యని తండ్రి తెలిసికొనఁగోరుట న్యాయమే. ఈ రెండు విశేషములును క్రొత్తవి కావనియు, నూఱేండ్లకు పూర్వమే ఒక జర్మను పనివాఁడు కట్టిన పెట్టెలో రెండును ఉండినవనియు, క్రొత్తది వేఱొకటి కలదనియు నేఁడు మనవి చేయఁదలఁచినాను.

ఛాయాగ్రహణమునకు మూలమైన సూత్రము మన పెంకుటిండ్లలోనే యున్నది. మిట్టమధ్యాహ్నమున పెంకు జరిగిన సందునుండి నేలమీఁద పడు వెలుఁగుబిళ్లను చూడుఁడు. సందు మూఁడుమూలలదైనను నలుమూలలదైనను, చిన్నదైనంతవఱకు బిళ్ల గుండ్రముగనే యుండును. ఏలయన నది సందుయొక్క ఆకారము గాదు, సూర్యబింబము. గదిని చీఁకటి చేసి తలుపునకు చిన్న బెజ్జము పెట్టినచో, వీధిలోని చెట్టును మనిషియు ఎదుటి గోడమీఁద తలక్రిందులుగా కనఁబడుదురు. ఈ విషయమును పదునొకండవ శతాబ్ది యారంభమున కైరో నగరమున నివసించిన ఇబ్న్ అల్ హైతమ్ అను శాస్త్రజ్ఞుఁడు పరీక్షించి వ్రాసినాఁడు. తరువాత గది పెట్టెయైనది. బెజ్జమునకు బదులు గాజుకటకము వచ్చినది. 1685లో యోహాన్ జాన్ అను జర్మను మఠవాసి చేతఁ బట్టుకొని పోఁదగిన చిన్న పెట్టెను, దాని లోపల ఏటవాలుగా నిలిపిన అద్దమును బొమ్మలు గీసి వివరించెను. కటకమునుండి వచ్చిన వెలుతురును ఆ యద్దము పైకి మరలించి, పెట్టెమీఁది గరుకుగాజుపై నిటారుగా చూపును. చిత్రకారులు ఆ బొమ్మమీఁద కాగితమునుంచి గీఁతలు గీసికొనెడివారు. అనఁగా ఛాయాచిత్రము పుట్టుటకు నూటయేఁబది యేండ్లకు ముందే అద్దము పుట్టినది. ఇది గుర్తుంచుకొనవలసిన మాట.

బొమ్మను గీయకుండ వెలుతురుచేతనే వ్రాయించు విద్య ఫ్రాన్సుదేశమున కలిగినది. 1826-27 ప్రాంతమున నియెప్సు తన మేడకిటికీ నుండి కనఁబడు దృశ్యమును లోహపు పలకమీఁద నిలిపెను. దానికి గంటల తరబడి వెలుతురు పట్టవలసివచ్చెను. 1839లో డగేర్ పద్ధతి లోకమునకు వెల్లడింపఁబడెను. డగేర్ వాడిన వెండిపూఁత పలక ఎనిమిదిన్నర అంగుళముల నిడివి, ఆఱున్నర అంగుళముల వెడల్పు గలది. దానికి ఆ కాలపువారు 'పూర్ణ పలక' యని పేరు పెట్టి, సగపు పలక, పావు పలక యని క్రింది కొలతలను దానినుండియే లెక్కించెడివారు. నేఁటి వర్తకులు 'పూర్ణ'మని చెప్పు పలక 36 మిల్లీమీటర్ల నిడివి, 24 మిల్లీమీటర్ల వెడల్పు గలది. లెక్కకట్టి చూచినచో డగేర్ పూర్ణ పలక వైశాల్యము నేఁటి పూర్ణ పలకకంటె నలువది రెట్లకు పైగా నున్నది. తవ్వను మానిక యన్నట్లున్నది గదా! ఒకప్పటి పూర్ణమునందు నలువదవ వంతైనను లేనిది నేఁడు పూర్ణమెట్లయ్యెనని బాలురు నన్నడిగినయెడల, ఆ మాట వస్తువును చెప్పదు, ఆ కాలపు వాడుకను చెప్పునని నేను సమాధానము చెప్పుదును.

ఆ పెద్ద పలకల కాలములో ఛాయాగ్రాహకుని బ్రదుకు కూలివాని బ్రదుకే. మన హైదరాబాదులో ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థానమున ఛాయాగ్రాహకుఁడై, ముసవ్వర్ జంగ్ అను బిరుదు నందిన లాలా దీన్‌దయాళు చిత్రములు మీలో కొందఱు చూచియుందురు. అవి గాజుపలకలమీఁద తీసినవి. పలకలు, వాని పెట్టెలు, ముక్కాలిపీఁట, నల్లగుడ్డ, ఇన్నియు మోసికొనిపోయిననేగాని ఒక కోటబురుజు చిత్రము రాదు. ఆ చిత్రములలోని సూక్ష్మత నేఁటికిని ఆశ్చర్యము గొలుపును; పెద్ద పలక మహిమ యదియే.

ఇంక ఆ 36కు 24 అను కొలత ఎట్లు వచ్చెనో చెప్పెదను. అమెరికాలో ఎడిసను ప్రయోగశాలయందు డిక్సను అను నాతఁడు కదలుబొమ్మలకై 1892 ప్రాంతమున ఒక పద్ధతి నేర్పఱచెను. 70 మిల్లీమీటర్ల వెడల్పుగల ఈస్ట్‌మను ఫిల్మును నిలువునా రెండుగా చీల్చి 35 మిల్లీమీటర్ల పట్టీ చేసి, ఇరువైపుల అంచులకు పండ్లచక్రము పట్టుటకు బెజ్జములు పొడిపించెను. బెజ్జములకు పోఁగా నడుమ మిగిలినది సుమారు 24 మిల్లీమీటర్లు. దానిలో 24 వెడల్పు, 18 ఎత్తు గల బొమ్మ యొకటి చొప్పున వరుసగా పడుచుండెను. మన పల్లెలలో టూరింగు టాకీసులలో తిరిగిన సినిమా రీలు ఈ వెడల్పుదే.

జర్మనీలో వెట్జ్‌లార్ అను పట్టణమున లైట్జ్ వారి సూక్ష్మదర్శినుల కార్ఖానా ఉండెడిది. 1911లో ఓస్కార్ బార్నాక్ అను యంత్రకారుఁడు అందు చేరెను. ఆయనకు ఛాయాచిత్రములన్న ప్రాణము. కాని ఉబ్బసపు రోగి. పెద్ద పలకల కెమేరాను కొండదారులలో మోయుట ఆయనకు శక్యము గాలేదు. ఊపిరి చాలని మనుష్యుఁడు బరువు తగ్గింపఁజూచెను. ఆ యిబ్బందినుండి యొక పెద్ద మార్పు పుట్టినది. సినిమాఫిల్ములోని చిన్న బొమ్మ యొకటి నిశ్చలచిత్రమునకు చాలదని తలఁచి, ఆయన రెండు బొమ్మల చోటును ఒక్కటిగా కలిపెను. 18ని రెట్టించిన 36. వెడల్పు 24 అట్లే యుండెను. ఫిల్ము నిలువుగా గాక అడ్డముగా నడచినది. 'పూర్ణ' కొలత పుట్టుక ఇంతమాత్రమే: రెండు సినిమాబొమ్మలు ప్రక్కప్రక్కన పెట్టిన చోటు. అందులో శాస్త్రరహస్యమేమియు లేదు. చేతికి దొరకిన ఫిల్మును బట్టి ఒక తెలివిగల పనివాఁడు చేసికొన్న ఒప్పందమది.

1914 నాఁటికి ఆయన పెట్టె తయారైనది. అంతలో యుద్ధము వచ్చినది. దాని వెనుక జర్మనీలో డబ్బు విలువ చెడి దేశము కుదేలైనది. 1923లో కొన్ని నమూనాలు చేసి పంచిరి. కార్ఖానా యజమాని ఎర్నెస్టు లైట్జ్ 1924లో సాహసించి సరే యనఁగా, 1925లో లైప్‌జిగ్ సంతలో ఆ కెమేరా 'లైకా' యను పేర బయటికి వచ్చెను. దానికి మాక్స్ బెరెక్ అను పండితుఁడు కటకమును గణించియిచ్చెను. పలకకు ముందు గుడ్డతెఱ యొకటి సందు విడిచి పరుగెత్తుచు, సెకనులో ఐదువందలవ వంతు కాలము మాత్రము వెలుతురు సోఁకనిచ్చును. ముప్పదియాఱు చిత్రములు ఒక్క చుట్టలో వచ్చును. జేబులో పట్టును.

ఇప్పుడు నా మొదటి మాటకు వచ్చెదను. ఆ లైకాలో అద్దము లేదు. పలక 36కు 24. అనఁగా అది పూర్ణఫలకము గల నిర్దర్పణయంత్రమే! కాని 1925లో దానినెవ్వరును 'అద్దము లేని కెమేరా' యనలేదు. లేమినిబట్టి పెట్టిన పేరునకు ఒక నియమము కలదు. ఉండునని యెదురుచూచిన వస్తువు లేనప్పుడే ఆ పేరు పొసఁగును. మోటారుబండి క్రొత్తగా వచ్చినపుడు ఇంగ్లీషువారు దానిని 'గుఱ్ఱము లేని బండి' యనిరి; మన యెడ్లబండి నెవ్వఁడైన నట్లనునా? కాఁబట్టి 'మిర్రర్‌లెస్' అను పేరే, నడుమ చాలకాలము లోకము అద్దమునకు అలవాటుపడినదని సాక్ష్యము చెప్పుచున్నది.

ఆ యలవాటు ఎట్లయ్యెనన, లైకాకు ఒక లోపముండెను. ఫిల్మునకు ఒక కన్ను, మనిషికి ఒక కన్ను. ఫిల్ము కటకముగుండ చూచును. మనిషి పెట్టె నెత్తిమీఁది వేఱొక చిన్నకిటికీగుండ చూచును. దూరపు కొండను చూచునపుడు ఈ భేదము లెక్కకు రాదు. దగ్గఱి పువ్వును చూచితిమా, మనము చూచినది యొకటి, ఫిల్ముమీఁద పడినది యింకొకటి. ఇరుగుపొరుగు కిటికీలనుండి ఇద్దఱు ఒకే తులసికోటను చూచినట్లుండును. బొమ్మ స్పష్టముగా కుదిరినదో లేదో కూడ ఆ చిన్నకిటికీ చెప్పదు. 1932లో వచ్చిన రెండవ లైకాలో దూరమును కొలుచు సాధనము చేర్చిరి గాని రెండు కన్నుల చిక్కు తీఱలేదు.

దానిని తీర్చినది అద్దము. 1861లోనే థామస్ సట్టన్ అను ఆంగ్లేయుఁడు కటకము వెనుక అద్దము నిలిపిన కెమేరాకు పేటెంటు పొందియుండెను. 1936లో డ్రెస్డెన్ నగరపు ఇహాగీ వారు 'కినె ఎక్సాక్టా' యను కెమేరాలో బార్నాక్ ఫిల్మును యోహాన్ జాన్ అద్దమును ఒకచోట చేర్చిరి. అద్దము కటకమునకు ఫిల్మునకు నడుమ ఏటవాలుగా నిలిచి, వెలుతురును పైనున్న గరుకుగాజుకు పంపును. మీట నొక్కఁగానే అద్దము పైకి లేచి దారి విడుచును. తెఱ తొలఁగి ఫిల్మునకు వెలుతురు సోఁకును. అయితే పైనుండి తొంగిచూచువానికి కుడియెడమలు తాఱుమాఱు. కుడికి నడచు మనిషి ఎడమకు పోవుచున్నట్లు తోఁచును. 1949లో డ్రెస్డెన్‌నుండియే వచ్చిన కాంటాక్స్-ఎస్ కెమేరా అయిదు పలకలు గల గాజుదిమ్మెను పైన నుంచి ఆ దోషమును పోఁగొట్టెను. 1954లో జపానువారి ఆసాహిఫ్లెక్స్ కెమేరాలో, లేచిన అద్దము వెంటనే దిగివచ్చు ఏర్పాటు కలిగినది; అంతకుముందు చాల కెమేరాలలో మరల మీట త్రిప్పువఱకు చూపఱికి చీఁకటియే. 1959లో నికాన్-ఎఫ్ వచ్చెను. ఆ వెనుక అరువదేండ్లపాటు వార్తాపత్రికలవారికిని, పెండ్లిండ్లవారికిని అద్దపు కెమేరాయే రాజ్యమేలినది.

అద్దము చేసిన మేలు గొప్పది. కటకము చూచుచున్నదే కన్ను చూచును. ఆ వెలుతురే కంటఁబడును. కాని దానికి మూఁడు మూల్యములు చెల్లింపవలసివచ్చినది. మొదటిది, చిత్రము పడు క్షణమున అద్దము లేచియుండుటచేత చూపఱి కన్ను మూయఁబడును. ఏ క్షణమునకై వాఁడు కాచియుండెనో ఆ క్షణమును వాఁడు తప్ప అందఱును చూతురు! రెండవది, ఆ చప్పుడును అదురును. మూఁడవది తఱుచుగా ఎవ్వరును చెప్పరు గాని అన్నిటికంటె ముఖ్యమైనది. అద్దము లేచుటకు చోటు కావలయును గనుక కటకమును పలకకు దూరముగా బిగింపవలసివచ్చినది. లైకాలో కటకపు మరకు పలకకు నడుమ దూరము 28.8 మిల్లీమీటర్లు. నికాన్-ఎఫ్‌లో 46.5, తరువాతి కానన్ కెమేరాలలో 44. ఈ దూరమువలన లైకా కటకములు అద్దపు కెమేరాలకు పనికిరాకపోయినవి. విశాలదృశ్యమును చూపు కటకములను చేయుటకు శిల్పులు వెనుకకు వంగిన మార్గములు వెదకవలసివచ్చినది.

ఇంతలో ఫిల్ముకే ముప్పు వచ్చినది. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు బోయిల్, స్మిత్ అను ఇరువురు వెలుతురును విద్యుత్తుగా గ్రహించి వరుసగా అందించు సిలికాను పలకకు దారి చూపిరి. దానికే వారికి 2009లో నోబెలు బహుమానము వచ్చెను. 1975లో కొడాక్ కంపెనీ ఉద్యోగి స్టీవెన్ సాసన్ పదివేల చుక్కలతో బొమ్మ తీయు పెట్టెను కట్టెను. ఒక్క బొమ్మ టేపుమీఁద ఎక్కుటకు 23 సెకనులు పట్టెను.

ఆ పలక పనిచేయు తీరు ఇది. వానలో పెరటినిండ కడవలు వరుసగా పెట్టితిమనుకొనుఁడు. వాన వెలిసిన పిదప ఒక్కొక్క కడవలో నెంత నీరు పడెనో కొలిచి పద్దు వ్రాసినచో, ఎక్కడ జడివాన, ఎక్కడ చినుకు అని తెలియును. పలకమీఁద అట్టి సూక్ష్మపు కడవలు కోట్లకొలఁది యుండును. వానలో నిండునది వెలుతురు. ఎఱుపు, పచ్చ, నీలము రంగుల జల్లెడలు వానిమీఁద గళ్లుగా పఱచి రంగును తెలిసికొందురు. వీనిలో సగము పచ్చవి. ఈ కూర్పు కొడాక్ వారి బ్రైస్ బేయర్ చేసినది. 1976లో పేటెంటు లభించెను. పలక పెద్దదైనచో అదే సంఖ్యగల కడవలకు నోరు పెద్దది; మసకవెలుతురులోను ఎక్కువ వెలుతురు చిక్కును, బొమ్మలో గరుకు తక్కువ. పూర్ణఫలకమునకు వెల యిచ్చుటలో న్యాయమైన భాగమిదియే.

అయితే పెద్ద పలక చేయుట కష్టము. గుండ్రని సిలికాను బిళ్లనుండి పలకలను కోయుదురు. పలక పెద్దదైనకొలఁది సంఖ్య తగ్గును. ఒక్క మచ్చ పడినను ఆ పెద్ద పలక యంతయు పాడు. అందుచేత మొదట వచ్చిన కెమేరాలు చాలవఱకు చిన్నపలకలతో వచ్చినవి. 24కు 16 మిల్లీమీటర్ల ప్రాంతపు పలకలే హెచ్చు. ఫిల్ముకై కొన్న పూర్వపు కటకములు వీనికి తగిలించినచో అంచులు తెగిపోయి, 50 మిల్లీమీటర్ల కటకము 75 కటకమువలె చూపెడిది. 2002లో కాంటాక్స్, కానన్ కంపెనీలు 36కు 24 పలకతో కెమేరాలు తెచ్చినపుడు, ఈ తగ్గినవానితో పోల్చి 'పూర్ణ'మను పేరు స్థిరపడినది. బార్నాక్ నాఁడు చిన్నదిగా నుండుటకు ఎంచిన కొలత, ఈనాఁడు పెద్దదనుటకు పేరైనది!

ఇఁక ఒక్క యడుగే మిగిలినది. పలక తాను చూచుచున్నదానిని క్షణక్షణము విద్యుత్తుచే చెప్పఁగలిగినపుడు, దానికెదురుగా అద్దమెందులకు? పలక చూచినదానినే చిన్నతెఱమీఁద కంటికి చూపవచ్చును గదా. 2008లో పానసానిక్ కంపెనీ జి-1 అను కెమేరాలో చిన్నపలకతో అట్లు చేసెను. 2013లో సోనీవారు 'ఆల్ఫా-7' అను కెమేరాలో పూర్ణఫలకముతో చేసిరి. దాని గుణములు కొన్ని చెప్పెదను. పలకమీఁది కడవలు 2 కోట్ల 43 లక్షలు. ఒక్కొక్క దాని వెడల్పు మిల్లీమీటరును వేయిభాగములు చేసినచో ఆఱు భాగములు. తెఱ వేగము సెకనులో ఎనిమిదివేలవ వంతు. కంటికి పెట్టుకొను చిన్నతెఱమీఁద 23 లక్షలకు పైబడిన చుక్కలు. బరువు, బ్యాటరీతోఁ గూడ, కటకము లేక, అరకిలోకు లోపు. కటకపు మరకు పలకకు నడుమ దూరము 18 మిల్లీమీటర్లు మాత్రమే.

ఈ 18 అను సంఖ్యను మరల వినుఁడు. లైకా దూరము 28.8. రెండింటికిని భేదము 10.8 మిల్లీమీటర్లు. ఆ మందముగల కంకణమొకటి నడుమ బిగించినచో, 1930 ప్రాంతపు లైకా కటకము ఈ క్రొత్త కెమేరాకు అమరును; పలకయు 36కు 24 యే గనుక, బార్నాక్ కాలమున చూపినంత వెడల్పును ఇప్పుడును చూపును. అద్దమున్నంత కాలము మూసియుండిన దారి అద్దము పోఁగానే తెఱచుకొన్నది. తాతల పెట్టెలో వాడక పడియున్న కటకమును మనుమఁడు వాడుకొనుచున్నాఁడు. క్రొత్త కెమేరాకు వచ్చిన వెల యడుగువారితో ఈ సంగతి చెప్పుఁడు; క్రొత్త కటకములు కొనకుండ కొంత సొమ్ము మిగులును. కాని ప్రతి కటకమును బాగుగా పనిచేయుననుకొనరాదు. బూజు పట్టినదియు, గీఁతలు పడినదియు సరిగా పనిచేయకపోవచ్చును. మఱియు స్పష్టతను వ్రేళ్లతోనే త్రిప్పి కుదుర్చుకొనవలెను.

నష్టములు లేవా? కలవు. అద్దపు కెమేరాలో చూచుటకు విద్యుత్తు అక్కఱలేదు. ఆల్ఫా-7లో చిన్నతెఱ యెల్లప్పుడు వెలుఁగుచుండవలెను గనుక, ఒక్క బ్యాటరీకి మున్నూఱు చిత్రముల ప్రాంతమే. పెండ్లికి పోవువాఁడు నాలుగు బ్యాటరీలు సంచిలో వేసికొని పోవలసినదే. మఱియొక సంగతి పండితులు ఆలోచింపఁదగినది. అద్దమున కన్ను చూచినది వస్తువునుండి వచ్చిన వెలుతురునే. చిన్నతెఱమీఁద చూచునది పలక వ్రాసిన ప్రతి. బింబమునకు ప్రతిబింబమునకు గల భేదమిది. అయితే తీసిన చిత్రము నలుపెక్కునో తెలుపెక్కునో ఆ ప్రతియందే ముందుగ తెలిసిపోవును, అద్దమునందు తెలియదు. పనివానికి ఇది పెద్ద మేలు. నా మటుకు నేను ఎండలోని మామిడిచెట్టును అద్దమునందు చూచుటకే యిష్టపడుదును గాని, నా యిష్టముతో వారికేమి పని?

2018లో నికాన్, కానన్ కంపెనీలును ఈ దారి పట్టినవి. నికాన్ దూరము 16, కానన్ దూరము 20 మిల్లీమీటర్లు. 2017లో వచ్చిన సోనీ ఆల్ఫా-9 సెకనుకు ఇరువది చిత్రములు తీయుచు ఒక్కమాఱైనను కంటికి చీఁకటి చూపదు. అద్దపు కెమేరాలోని మొదటి లోపము దీనితో తీఱినది. 2021లో వచ్చిన నికాన్ జడ్-9లో అద్దమేకాదు, పలకముందు పరుగెత్తు తెఱయు లేదు. పలక తనంతట తానే వెలుతురును గ్రహించుట మొదలుపెట్టి, మానును. సాధారణముగా పలకలు వరుసవెంట వరుస చదువుటచేత వేగముగా తిరుగు ఫంకాఱెక్క వంగినట్లు కనఁబడును. జడ్-9 వరుసలను మిక్కిలి త్వరగా చదివి ఆ వంకరను తగ్గించినది. 2023లో ప్రకటించిన ఆల్ఫా-9 మూఁడవ రూపము పలకనంతయు ఒక్కసారే చదివి దానిని బొత్తిగా పోఁగొట్టినది.

బార్నాక్ పెట్టెలోని తెఱ కూడ జడ్-9లో లేదు గనుక చిత్రము పడునపుడు 'టక్కు'మను చప్పుడు చేయు అద్దముగాని తెఱగాని లోపల లేదు. అయినను చిత్రము పడినదో లేదో తెలియక తీయువారు తికమకపడుదురని, దానిలో చిన్న స్పీకరు అమర్చి, దానిచేత 'టక్కు'మనిపించుచున్నారు. అక్కఱలేనివారు ఆ మ్రోఁతను ఆపివేసికొనవచ్చును.